మూడు మడతల గౌను

టైలరమ్మ కొట్టు మెట్ల కింద ఉంటుంది. ఒక కుట్టుమిషన్, ఒక కటింగ్ బల్ల, బల్ల కింద పీలికల మధ్య ఆమె మూడేళ్ళ కూతురు. ఖాళీ బాబిన్లు దొర్లిస్తూ ఆడుకుంటుంది కాబట్టి అందరూ ఆ పిల్లను బాబిన్ అనే పిలుస్తారు. పిల్లకు మాటలు తక్కువ. రోజంతా మిషన్ చప్పుడు తప్ప తోటిపిల్లల గొంతు వినకపోతే మాటలెలా వస్తాయని తల్లి దిగులు.

అందుకే బాలబడి వెతికింది. మొదట చూసినచోట ఒకే గదిలో నలభైమంది. ఇంకా ఎంతమందినైనా సర్దుతామన్నారు. ఆమె గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. అడిగిన ప్రతివాళ్ళ దగ్గరా బట్ట పుచ్చుకునే దర్జీ ఎవరిదీ సరిగా కుట్టడని ఆమెకు తెలుసు.

వీధి చివరి బడి వేరు. గోడకు పిల్లల ఎత్తులోనే కొక్కేలు, ప్రతి కొక్కేనికీ ఒక చిన్న సంచి. పంతులమ్మ చాపమీద కూర్చుని ఒక పిల్లకు గుండీ పెట్టుకోవడం నేర్పుతోంది. పిల్ల మూడుసార్లు తప్పినా తన చెయ్యి వెయ్యలేదు. నాలుగోసారి గుండీ కాజాలో దూరింది.

అది కిటికీలోంచి చూసిన టైలరమ్మ, లోపలికెళ్ళి ఒక్క మాటైనా అడక్కుండా, తిన్నగా కొట్టుకొచ్చి ఆ బడి పిల్లలు వేసుకునే నీలం గౌనులాంటిదే కూతురికి కుట్టేసింది. ఎదిగే పిల్ల కదా అని అంచులో మూడు మడతలు దాచింది.

కాజాలు కుడుతున్న అత్తగారు కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట. వాళ్ళు చేర్చుకుంటామన్నారా?"

మర్నాడు వెళ్ళి అడిగితే చోటు లేదన్నారు.

"ఇరవైమందికి మేం ఇద్దరమే" అంది పంతులమ్మ. "ఇంకొకర్ని తీసుకుంటే వాళ్ళనీ చూసుకోలేం, మీ పాపనీ చూసుకోలేం. ఎవరైనా మానేస్తే ముందు మీకే చెప్తానమ్మా."

ఆ జవాబు టైలరమ్మకు నచ్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంక ఏ బడి మీదా మనసు నిలవలేదు.

రోజూ పది గంటలకు ఆ బడిలో పాట. ఆ వేళకు మిషన్ ఆపి పిల్లను తీసుకెళ్ళేది. బాబిన్ గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని, పాట అయ్యేదాకా కదిలేది కాదు. ఇంటికొచ్చాక పెదవులు మాత్రం కదిలేవి.

నాలుగు నెలలకు ఒక మడత విప్పాల్సి వచ్చింది. ఇంకో నాలుగు నెలలకు రెండోది.

"గౌను సాగుతోంది గానీ బడి దగ్గరవట్లేదే" అంది అత్తగారు. ఆ మాటలో ఈసారి ఎకసెక్కెం లేదు.

ఏడాది నిండుతుండగా ఎవరిదో కుటుంబం ఊరు మారింది. పంతులమ్మ తనే కొట్టుకొచ్చి చెప్పింది. టైలరమ్మ ఆఖరి మడత విప్పింది. పాత మడతల గీతలు మూడూ అలాగే నిలిచాయి. నీళ్ళు చల్లి ఇస్త్రీ చేసినా పోలేదు.

మర్నాడు గేటు తీసే ఉంది. బాబిన్ అలవాటు కొద్దీ బయటే ఆగి, ఊచలు పట్టుకుని నిలబడింది.

"ఇక్కడ కాదే. ఇవాళ్టినుంచి నువ్వు లోపల" అంటూ తల్లి ఆ చిన్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

పిల్ల లోపలికెళ్ళింది. వెచ్చగా ఉన్న ఆ ఊచలే పట్టుకుని, పాట అయ్యేదాకా టైలరమ్మ బయట నిలబడింది.