మంగళవారం దిగేవాళ్లకు గది లేదు

మా ఆయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. మంగళవారం, శుక్రవారం. పొద్దున ఐదింటికి సాగర్‌లో కారెక్కితే ఆరుంబావుకు మిర్యాలగూడ. ఏడింటికి మిషన్ మీద పడుకోబెడతారు. నాలుగు గంటలు. ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. ఆ తర్వాత ఆయనకు మాట కూడా బరువే. ప్రాజెక్టు ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లు రోజూ నీటిమట్టం రిజిస్టరులో రాసినదాన్ని. ఈ వేళలూ అట్లాగే డైరీలో రాసుకుంటాను.

మేడ మీద రెండు గదులు డ్యాము చూడవచ్చే వాళ్లకు కిరాయికిస్తాం. ఫోనులో బుకింగులు చూసేది హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి కూతురు. తాళాలివ్వడం, దుప్పట్లు మార్చడం, నీళ్లు అందించడం నా పని. మెట్లు పద్దెనిమిది. దవాఖాన నుంచి వచ్చి ఆయనకు అన్నం కలిపి పెడుతుంటే బయట హారన్ మోగేది. ముద్ద పళ్లెంలో వదిలేసి లేచేదాన్ని.

"ఆ రెండు రోజులు బంద్ పెట్టవే" అన్నాను పిల్లతో.

"మొత్తం బంద్ పెడితే సోమవారం వచ్చి బుధవారం పోయేటోళ్లు గూడ రారు పెద్దమ్మా. దిగుడు ఒక్కటే బంద్ పెడత. మంగళ, శుక్రవారాలు చెక్‌ఇన్ ఉండదు. సాలదా?"

చాలుననుకున్నాను. డైరీలో ఆ రెండు రోజుల కింద ఎర్రగీత గీశాను. తప్పు నాదే. దిగడం ఆపినంత మాత్రాన ముందురోజు దిగినవాళ్లు ఇంట్లో లేకుండా పోరు కదా. లెక్కల మనిషినై ఉండీ అది నాకు తట్టలేదు.

శ్రావణంలో గేట్లు ఎత్తారు. ఒక సోమవారం సాయంత్రం ఆరుగురు దిగారు, రెండు రాత్రులకు. మా ఆయన ఆ గేట్ల మీదే పనిచేసి రిటైరైన మనిషి. వరండాలో కుర్చీ వేసుకొని ఇరవై ఆరింటిలో ఏది ఎట్లా మొరాయించేదో చెప్పడం మొదలుపెట్టాడు.

"చేతితోనే తిప్పుతుంటిరా బాపూ?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు.

"చేతితోని తిప్పితె ఆ గేటు ఇంకా లేస్తనే ఉండు బిడ్డా."

అందరూ నవ్వారు. ఆయన మొహం చూసి నాకూ బాగానే అనిపించింది.

తెల్లారి ఐదుకు పది నిమిషాలుండగా కారు వచ్చింది. పైనుంచి వాళ్ల కోడలు కేకేసింది. "అవ్వా, గీజరు పనిచేస్తలేదు. పాపకు పాలు కలపాలె, జర వేడినీళ్లు."

పొయ్యి మీద నీళ్లు పెట్టి, పైకెళ్లి ఫ్యూజు చూసి, దిగివచ్చి, నీళ్లు పట్టుకొని మళ్లీ ఎక్కాను. కారు కదిలేసరికి ఐదూ నలభై. దారిలో రైలు గేటు పడింది. మేం చేరేసరికి ఏడున్నర. ఆ మిషన్ మీద తర్వాతి మనిషిని పడుకోబెట్టారు. వాళ్లను అనేదేముంది? ఆ మనిషిదీ, ఆ పై వంతుదీ అయ్యి మళ్లీ ఖాళీ అయ్యేసరికి మూడు. మధ్యాహ్నానికే ఆయనకు ఆయాసం మొదలైంది. బెంచీ మీద వీపు రాస్తూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నలభై నిమిషాల ఆలస్యానికి ఎనిమిది గంటలు.

మర్నాడు పాత క్యాలెండరు వెనక గీతలు గీసి చూశాను. సోమవారం, గురువారం పగటికల్లా ఇల్లు ఖాళీ కావాలి. అంటే దిగవలసింది శని, ఆది, బుధవారాలే. శనివారమైతే రెండు రాత్రులు, మిగతా రోజుల్లో ఒక్కటి.

"నువ్వు గదులిస్తున్నవా, రైళ్లు నడుపుతున్నవా పెద్దమ్మా?" అంది పిల్ల. "శుక్రవారం పొద్దుమూకినంకనే పట్నపోళ్లు బయలెల్తరు."

"బయలెల్లనియ్యి. మనింటికి శనివారం రమ్మను."

ఆ తర్వాత ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. గేట్లు దించేశారు. బుధవారాలు ఎవరూ రాలేదు. వరండాలో ఆయన ఎదుటి కుర్చీలు ఊరికే ఉండేవి.

ఒక సోమవారం సాయంత్రం అడిగాడు. "ఇయ్యాల ఎవరన్న దిగుతున్నరా?"

"సోమవారం బంద్ గదా."

"ఎవలు పెట్టిండ్రు బందు?"

"నేనే. ఆనాటి ఆయాసం మర్సిపోయిండ్రా?"

"మర్వలే. మిషన్ మీద పండుడు, ఇంటికొచ్చి మంచంల పండుడు. నడుమ ఎవలన్న నాతోని మాట్లాడితె మనిషి లెక్కుంట. నువ్వు మాట్లాడవు, గడియారం చూస్తవు."

అప్పుడు కూడా గడియారమే చూస్తున్నాను. మాత్ర వేళ దాటుతోంది.

మర్నాడు ఆయన మిషన్ మీద ఉండగా దవాఖాన వరండాలోంచి పిల్లకు ఫోన్ చేసి సోమవారం తెరవమన్నాను.

"మళ్ల పొద్దుగాలనే పాలంటే?"

"అది నేను చూసుకుంట."

ఇప్పుడు మంగళవారం మూడున్నరకే లేస్తాను. నీళ్లు కాచి రెండు ఫ్లాస్కుల్లో పోసి, పద్దెనిమిది మెట్లెక్కి తలుపు పక్కన పెట్టి వస్తాను. నాలుగున్నర తర్వాత పిలిచినా పలకలేమని గోడకు కాగితం అంటించాను. గురువారం మాత్రం తెరవలేదు. వారానికి రెండు పొద్దులు అట్లా లేచే ఓపిక ఈ ఒంట్లో లేదు.

మొన్న సోమవారం ముగ్గురు దిగారు. నేను మూడున్నరకు అలారం పెట్టుకొని ఎనిమిదింటికే నడుం వాల్చాను. వరండాలో ఆయన ఇంకా పదకొండో గేటు దగ్గరే ఉన్నాడు.