నూనె ఎక్కువైన పది రైఫిళ్లు

మార్చి నెల. ఉదయం ఆరూ పదికి మిర్యాలగూడ స్టేషన్‌లో దిగాను. వీపున కిట్‌బ్యాగు, చేతిలో ట్రంకుపెట్టె. అప్పుడు నేను హవల్దారుని. రెండేళ్లు ఈశాన్య సరిహద్దు అడవిలో చేసినవాణ్ణి కాలేజీ క్యాడెట్లకు గురి నేర్పమని పంపారు. నీకిష్టమా అని ఒక్కరూ అడగలేదు. అది నేను మరిచిపోలేదు.

ఆయుధాల గదిలో పది రైఫిళ్లు. పాయింట్ టూ టూ. భుజానికి ఆనించే చెక్క కుందా, ఒకసారికి ఒకే తూటా. యుద్ధానికి కాదు, చవకలో గురి నేర్పడానికి, పోటీలకు మన దేశంలోనే ఎప్పుడో చేసినవి. వయసులో నాకంటే పెద్దవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాలేజీల పిల్లలందరికీ అవే దిక్కు.

ఆ గది చూసేది కోదాడకు చెందిన ఒక నాయక్, నాకంటే ఒక మెట్టు కింది ర్యాంకువాడు. మొదటి రోజే నేను తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టులకు నూనె పెడుతుంటే క్యాడెట్ల ముందు అన్నాడు.

"అంత నూనె వద్దండీ సార్. ఇక్కడ రైసుమిల్లుల ఊక బూడిద గాల్లోనే ఉంటుంది. పట్టేస్తుంది."

"నాకు నేర్పుతున్నవా? అడవిల ఒక్కరోజు నూనె మరిస్తే తెల్లారేసరికి తుప్పే."

"అది అడవి సార్. ఇక్కడ ఈ నూనెలో బజ్జీలు వేసుకోవచ్చు."

పిల్లలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. నెల రోజులు అతనితో పనికి మించి మాట్లాడలేదు. నూనె మాత్రం ఇంకాస్త ఎక్కువే పోయించాను.

ఏప్రిల్‌లో తనిఖీ. పేలని రైఫిలును పనికిరాదని రాసి తీసుకుపోతారు. బదులు రాదు. తనిఖీ చేసే కెప్టెన్ సాబ్ మధ్యాహ్నం రెండింటికి వస్తారు. పదకొండున్నరకు ముందస్తుగా పదీ కాల్పించాను. టార్గెట్ల కింద కందకంలో నాయక్. వైర్‌లెస్‌లో అతని గొంతు.

"నాలుగు మోతలే వినపడ్డాయండీ. మిగతావాళ్లు నిద్రపోయారా?"

"మల్ల కొట్టిస్త. తల దించు."

"మళ్లీ నాలుగే సార్."

ఆలస్యంగా పేలతాయేమోనని ముప్పై సెకన్లు ఆగి, పేలని తూటాలు తీయించాను. బోల్టు విప్పి చూశాను. నూనె, బూడిద కలిసి నల్లటి ముద్ద. తూటాను కొట్టే సూది అందులో కూరుకుపోయింది. ఆరు రైఫిళ్లు పోతే మూడు ఊళ్ల పిల్లల షూటింగ్ ఖతం. తప్పు పూర్తిగా నాది.

నాయక్ పరుగున వచ్చాడు. నేను చెప్పలేదా అంటాడనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను.

"కిరోసిన్ తెప్పించండి సార్. రెండు గంటలు చాలు" అన్నాడు. అంతే.

బోల్టులు కడిగాం. తుడవడానికి పొడిగుడ్డ లేదు. ఉన్నవన్నీ నా నూనెలో తడిసినవే. అతను చొక్కా విప్పాడు, బనీను విప్పి పదిముక్కలు చేశాడు.

రెండింటికి పదీ పేలాయి. కెప్టెన్ సాబ్ సంతకం పెట్టి వెళ్లారు.

"నీ మాట ఇనకపోతి, నాయక్."

"బనీను కొత్తదండీ. మీరెలాగూ ఏదీ మరిచిపోరుగా!"

రెండేళ్లకు రిటైరయ్యాను. సూర్యాపేట దగ్గరి మా ఊరు పెన్‌పహాడ్ వచ్చేశాను. బజ్జీల మాట నేను క్షమించలేదు. కానీ ఆ రైఫిళ్లు ఇంకా పేలుతున్నాయంటే ఆ మనిషి వల్లే. ఏప్రిల్ ఎండలో వట్టి ఒంటితో కూర్చుని, చెమట ఇనుము మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుని, వేలికి గుడ్డ చుట్టి సూది తుడుస్తుంటాడు. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే.