జబ్బు మనిషి వేషం

డాక్టరు చదువుకు ముందు ఏ డిగ్రీ చదివినా పరవాలేదని కాలేజీవాళ్ళు చెబితే కోరిన్ మజూర్ నమ్మింది. తనకిష్టమైన నాటకాల డిగ్రీలోనే చేరి, మెడిసిన్‌కు కావలసిన సైన్సు క్లాసులన్నీ దానితోపాటే తీసుకుంది. రిహార్సల్ ముగించి, ముఖాన రంగు సగం తుడుచుకుని కెమిస్ట్రీ ల్యాబుకు పరిగెత్తేది.

"ఏమ్మా మహారాణీ, కిరీటం ఎక్కడ పెట్టొచ్చావ్?" అనేవాడు పక్క బల్ల దగ్గరి గ్రాంట్, తనూ మెడిసిన్ సీటు కోసమే చదివేవాడు. అంటూనే ఆమె లెక్కలు చూసి తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు.

బఫెలో నగరం వీధుల్లో మంచు తోసే బండి నడిపే తండ్రి స్టాన్‌కు ఇదంతా అయోమయం.

"డాక్టరువి కావాలంటే ఆ చదువేదో చదవొచ్చుగా తల్లీ. మధ్యలో ఈ డ్రామాలెందుకు?"

"మనుషులు ఎలా బాధపడతారో అక్కడ నేర్పుతారు నాన్నా."

"అది మనింట్లో ఊరికే నేర్చుకోవచ్చు."

అప్పటికే తల్లి డోలరెస్ మంచం పట్టింది. క్యాన్సరన్న మాట డాక్టరు ఆసుపత్రి వరండాలో, కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, నిలబడే చెప్పాడు. డోలరెస్ "థాంక్యూ డాక్టర్" అంది. ఆ థాంక్యూ కోరిన్ చెవుల్లోంచి పోలేదు. తను డాక్టరయితే కూర్చుని చెబుతుంది. అంతకు మించిన ఆశయమేమీ ఆమెకు లేదు.

తల్లి పోయిన ఏడాది ఒక వైద్య కళాశాలవాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. సైన్సు మార్కులకు వంక పెట్టడానికేమీ లేదు.

"మీరు మంచి నటి అట. ఈ ఆసక్తి నటన కాదని మేమెలా నమ్మాలి?" అని పెద్దాయన నవ్వాడు. మర్యాదకు కోరిన్ కూడా నవ్వింది. సీటు రాలేదు.

కొన్నాళ్ళకు అదే కళాశాల నుంచి ఫోను. తమ విద్యార్థులు మాట్లాడడం నేర్చుకునేందుకు రోగి వేషం వేసేవాళ్ళు కావాలట. "మీ నాటకాల చదువు మాకు సరిగ్గా పనికొస్తుంది" అన్నారు. లోపల తిరుగుతుంటే నలుగురి కళ్ళలో పడతాననీ, మళ్ళీ దరఖాస్తు చేసినప్పుడు అది కలిసొస్తుందనీ ఒప్పుకుంది. కాగితపు గౌను కట్టుకుని కడుపు పట్టుకుని మూలగాలి. విద్యార్థి వెళ్ళాక, చేతులు కడుక్కున్నాడా, కళ్ళలోకి చూశాడా అని మార్కులు వేయాలి. రోగికి వైద్యం తెలియకూడదు. తెలిసినదే అడిగినా "ఏమోనండీ" అనాలి.

రెండోసారి కూడా సీటు లేదని తెలిసిన రోజున ఆమెకిచ్చింది క్యాన్సరు రోగి వేషం. తెల్లకోటుతో లోపలికొచ్చినవాడు గ్రాంట్. ఒక్క క్షణం తడబడి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"మీ పరీక్షల్లో వచ్చింది... మంచి కబురు కాదండీ." ఆగవలసిన చోట ఆగాడు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. "నన్నేమైనా అడగాలనుకుంటున్నారా?"

అడగాలనుకున్నది ఒకటే. అది రోగి అడిగే ప్రశ్న కాదు.

"థాంక్యూ డాక్టర్," అంది. అచ్చంగా అమ్మ గొంతు. ఆ పైన ఏడుపు ఆగలేదు.

గ్రాంట్ తలుపు దగ్గర వెనక్కి తిరిగి మెల్లగా, "అదరగొట్టావ్ కోరీ. నువ్వెప్పుడూ ఇంతే," అన్నాడు.

ఒకవైపు నుంచే కనబడే అద్దం వెనక కూర్చుని ఈ పాఠం నడిపిస్తున్న మేడమ్ మైకులో, "అద్భుతం! ఆ ఏడుపు అలాగే ఉంచు, తర్వాతి అబ్బాయిని పంపిస్తున్నా," అంది.

కోరిన్ కళ్ళు తుడుచుకుని కలం తీసుకుంది. మార్కుల కాగితంలో కూర్చుని చెప్పాడా అన్న దానికెదురుగా 'అవును' అని గుర్తు పెట్టి, గౌను సర్దుకుని, మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది.