తాళం పడ్డ అర నిమిషం

నూకరాజు గురించి భిలాయిలోని రిసాలిలో ఎవర్నడిగినా రెండు ముక్కలు చెబుతారు. ఒకటి, స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు క్రేన్ నడిపి ఒక్క లోడు కూడా జారవిడవని మనిషి. రెండోది, చూపించుకోడానికి ఏదైనా దొరికితే ఇక ఊరుకోలేని మనిషి. మొదటి ముక్క ఆయన ఎదురుగానే అంటారు. రెండోది ఆయన వెనకాల నవ్వుకుంటూ అంటారు. మొహం మీద ఎవరైనా ఒక్కసారి అనేసుంటే ఎంత బాగుండేదో!

తండ్రి రాజాం దగ్గర పల్లె నుంచి వచ్చి ప్లాంటులో చేరాడు. నూకరాజు పుట్టడం, చదవడం, పెళ్ళాడడం అంతా భిలాయిలోనే. ఇంట్లో శ్రీకాకుళం యాస, బజార్లో హిందీ, కోపమొస్తే ఛత్తీస్‌గఢీ. క్రేన్ క్యాబిన్లో కూర్చుంటే కింద మనుషులు అరచేతంత కనబడేవారు. వాళ్ళ చేతి సైగ చూసి టన్నుల కొద్దీ ఇనుము లేపి, చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు దించేవాడు. అందుకే ఆయనకి తన చేతుల మీద అంత నమ్మకం. ఆ నమ్మకం ఉత్తది కూడా కాదు.

రిటైరయ్యాక కారు కొన్నాడు. దుర్గ్‌లో బ్యాంకులో పనిచేసే కూతురు హరిత దానికో కెమెరా పెట్టించింది. ముందద్దానికి లోపల అంటించిన అగ్గిపెట్టె అంత డబ్బా. బండి నడుస్తున్నప్పుడు రోడ్డు చూస్తుంది. బండి ఆపి తాళం వేసుకుని వెళ్ళిపోతే నిద్రపోతుంది. కానీ ఎవరైనా బండికి తగిలారో, ఆ కుదుపుకి టక్కున లేచి అర నిమిషం బొమ్మ తీసి లోపలున్న మెమొరీ కార్డులో దాచుకుంటుంది. మళ్ళీ స్టార్ట్ చెయ్యగానే లోపల్నుంచి ఒకావిడ, మీరు లేనప్పుడు బండికి దెబ్బ తగిలింది అని హిందీలో చెబుతుంది.

"నేను లేనప్పుడు కూడా డ్యూటీ చేస్తంది చూడు!" అని పొంగిపోయాడు నూకరాజు. ఇంటికొచ్చినవాణ్ణి కాఫీ కన్నా ముందు కారు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. బంపరు ముందు నిలబెట్టి, తను బానెట్టు మీద అరచేత్తో ధభీమని ఒక్కటేసేవాడు. ఎర్రదీపం వెలిగేది. తర్వాత వచ్చినాయన్ని సీట్లో కూర్చోబెట్టి, డబ్బాకున్న చిన్న తెరమీద ఆయన బొమ్మ ఆయనకే చూపించేవాడు. పక్కవీధి రాజాబాబు అయితే తన బొమ్మ తను చూసుకుని, "ఓర్నాయనో, నా పొట్ట ఇంతుందేటి బావా!" అని గోల చేశాడు.

ఇంతవరకూ ముచ్చటే. ఎవరికీ నష్టం లేదు.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం జాముల్‌లో గృహప్రవేశానికని భార్య సూర్యావతితో వెళ్ళి, కారు రోడ్డు పక్కన పెట్టాడు. భోజనాలు కానిచ్చి వచ్చేసరికి అక్కడ జనం. సైడు అద్దం విరిగి వేలాడుతోంది. కారుకి పది అడుగుల ముందు ఒక సైకిలు వంకర తిరిగి పడుంది. మనిషిని అప్పుడే ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పట్టుకెళ్ళారట. తాగి పడ్డాడని ఒకడంటే, అవునవునని ఇంకొకడన్నాడు. నూకరాజు అద్దం విరిగిందన్న మంటతో ఇంటికొచ్చి, ఇంటి ముందే సీట్లో కూర్చుని కెమెరా తిప్పాడు.

తెల్ల పికప్ ఒకటి వెనకనుంచి ఆయన కారుని గీసుకుంటూ వచ్చింది. ఆ కుదుపుకే కెమెరా లేచింది. ముందు సైకిలు మీద ఒకాయన హ్యాండిలుకి టిఫిను డబ్బా తగిలించుకుని నింపాదిగా, గీత గీసినట్టు తిన్నగా పోతున్నాడు. పికప్ ఆయన్ని వెనకనుంచి గుద్దింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత పక్కకి కోసుకుని వెళ్ళిపోయింది. సూర్యావతి పక్కసీట్లో కూర్చుని అదంతా చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బొమ్మ పక్కన తెరమీద చిన్న తాళం గుర్తు వెలుగుతోంది.

ఆ తాళం గుర్తే ఆయన కొంప ముంచింది. ప్లాంటులో ఏ యంత్రమైనా రిపేరుకి దిగేముందు మెయిన్ స్విచ్చికి మనిషి తన తాళం తను వేసుకుంటాడు. పేరు రాసిన చీటీ కడతాడు. ఆ తాళం వేసినవాడే తియ్యాలి. ఆఫీసరొచ్చినా, చివరికి దేవుడే దిగొచ్చినా ఇంకొకడు చెయ్యి పెట్టడానికి లేదు. లోపలున్నవాడి ప్రాణం ఆ తాళంలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు అలా బతికిన మనిషికి తాళం బొమ్మ కనబడితే ఇంకేం అనుమానం వస్తుంది?

ఆదివారం హరిత వచ్చి చూసి, "నాన్నా, ముందు దీన్ని నా ఫోన్లోకి దింపేద్దాం. దో మినట్‌ల పని" అంది.

"ముట్టుకోకు!" అని కసిరాడు నూకరాజు. "తాళం పడింది, కనబడ్డంలేదా? తాళం పడ్డదాని మీద చెయ్యి వెయ్యకూడదు."

"అది ఆ తాళం కాదు నాన్నా..."

"ఠాణాలో కూడా అదే చెప్పారు. అసలు కార్డే కావాలట. కెలక్కుండా ఉంచమన్నారు."

ఠాణాలో అలా అన్నమాట నిజమే. పికప్ గుద్దిన మర్నాడే వెళ్ళి, దాని నంబరుతో సహా చెప్పొచ్చాడు కూడా. కేసు చూసే ఇన్‌స్పెక్టరు వేరే డ్యూటీమీద ఉన్నాడని, వచ్చాక కబురు పెడతామని, అసలు కార్డుతో రమ్మని హవల్దారు చెప్పాడు. హరిత తండ్రి మొండితనం తెలిసిన పిల్ల. మూతి ముడుచుకుని ఊరుకుంది. ఆ రోజు ఊరుకున్నందుకు ఇప్పటికీ తనని తను తిట్టుకుంటుంది.

సైకిలాయన పేరు బలరాం. పాలకొండవైపు మనిషి, జాముల్‌లో కంట్రాక్టు పని. ఎనిమిదోరోజున, కళ్ళు తెరవకుండానే పోయాడు. పికప్ యజమాని, మా బండి అటు వెళ్ళిన మాట నిజమే, ఆయన తాగి తనే పడ్డాడు అని రాసిచ్చాడు. తాగి పడ్డాడని ఇద్దరు సాక్షులు కూడా దొరికారు. ఎక్కణ్ణించి దొరుకుతారో అలాంటివాళ్ళు!

కర్మ అయిన మర్నాడు బలరాం భార్య అచ్చమ్మ, కెమెరా సంగతి ఠాణాలో విని, వెతుక్కుంటూ రిసాలి వచ్చింది. గడపలోనే నిలబడింది.

"బాబూ, మా ఇంటాయన సుక్క ముట్టడు. పెళ్ళయి పందొమ్మిదేళ్ళు, ఒక్కనాడు ముట్టనేదు. ఈదిలో అందరూ తాగుబోతు సచ్చేడంతన్నారు. నాకు మరేటీ అక్కర్నేదు. ఆ మాటొకటి పోవాల."

"పోతుందమ్మా" అన్నాడు నూకరాజు. ఆ మాట మనసారా అన్నాడు. "నా దగ్గరుంది. తాళం పడుంది. ఎవడూ ఏటీ చెయ్యలేడు. నాదీ పూచీ."

ఆ పూచీ ఎంత ఘనంగా ఇచ్చాడో, ఆ వార్త అంత ఘనంగానూ ఊరంతా తిరిగింది. నూకరాజు కారు హత్యని పట్టేసిందట! చూద్దామని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. రైల్ మిల్లు పాత జతగాళ్ళు వచ్చారు, గుడి కమిటీవాళ్ళు వచ్చారు, ఎవరో బావమరిదికి బావమరిది వచ్చాడు. వచ్చినవాళ్ళకి ముందు కెమెరా ఎలా పనిచేస్తుందో తెలియాలి కదా. బానెట్టు మీద ధభీమని ఒకటి. ఎర్రదీపం. తర్వాత బలరాం బొమ్మ. అయ్యో పాపం అని వాళ్ళు గుండెలు పట్టుకుంటే, ఈయన గంభీరంగా తలాడించేవాడు. దుఃఖం లేదని కాదు. దుఃఖంతోపాటు ఇంకోటి కూడా ఉంది, అదేంటో మనందరికీ తెలుసు.

ఒకరోజు సూర్యావతి అడిగింది, "రాజాబాబన్నయ్యని మొట్టమొదట తీసిన బొమ్మ ఏదండీ? పొట్ట పొట్టంటూ గోల చేశాడే, అది. కనబడ్డంలేదు."

"అదెవడిక్కావాలే ఇప్పుడు?" అన్నాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఇంకోరోజు నల్లకళ్ళద్దాల మనిషొకడు వచ్చాడు. తెలుగువాడు కాదు. తనూ అలాంటి కెమెరా కొందామనుకుంటున్నాడట, ఎవరో చెప్పారట. "అంకుల్‌జీ, జరా దిఖాయియే" అని, కాస్త చూపించమని వినయంగా అడిగాడు. నూకరాజు బానెట్టు మీద ఒక్కటేశాడు. ఆ మనిషి ముచ్చటపడ్డాడు. నేనూ కొట్టనా అని, జవాబు రాకముందే ఒకటి, కాసేపాగి ఇంకోటి, మళ్ళీ ఇంకోటి కొట్టాడు. కొట్టినప్పుడల్లా దీపంవేపే చూస్తున్నాడు, నూకరాజు వేపు చూడ్డంలేదు. ఎన్ని బొమ్మలు పడతాయి ఇందులో అని అడిగాడు. ఎన్నైనా పడతాయన్నాడు నూకరాజు గర్వంగా. మనిషి నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. మేడమీంచి బట్టలు తీస్తున్న సూర్యావతికి, వీధి మలుపులో వాడు ఎక్కిన బండి తెల్లగా కనబడింది. తెల్లబండ్లు ఊరినిండా ఉన్నాయి కదా అని సర్దుకుంది.

జనవరి మొదటివారంలో ఠాణానుంచి కబురొచ్చింది. రేపు పదకొండింటికి కార్డుతో రమ్మన్నారు. మర్నాడు తొమ్మిదికే అచ్చమ్మ వచ్చేసింది. ఉతికిన చీర కట్టుకుంది. హరిత సెలవు పెట్టి వచ్చింది. సూర్యావతి ఎంత బతిమాలినా అచ్చమ్మ టిఫిను తినలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు ముందు ఆగింది.

"బాబూ, నాకొకటి తెలీక అడుగుతన్నాను. బండి ఆపీసున్నాది గదా. ఇంజనీ నేదు, మనిషి నేడు. మరి అదెలగ సూసింది?"

పాపం, ఎవరైనా అడిగే మాటే. ఇంతవరకూ వచ్చినవాళ్ళందరూ అడిగిందే.

"ఇలగమ్మా" అన్నాడు నూకరాజు. ఆవిణ్ణి అక్కడే నిలబడమని, బానెట్టు మీద అరచేత్తో కొట్టాడు. ఎర్రదీపం వెలిగింది. అచ్చమ్మ ఉలిక్కిపడి ఆ దీపంవేపు చూసింది.

తర్వాత సీట్లో కూర్చుని తెర తిప్పాడు. బలరాం బొమ్మ వరసలో అన్నిటికన్నా మొదట ఉంటుంది. వేలుకి దారి అలవాటే. నొక్కాడు. తెల్ల పికప్ రాలేదు. తన జతగాడొకడు దంతాలన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వెనక్కి తిప్పాడు. అంతకుముందు ఏమీ లేదు. ముందుకి తిప్పాడు. గుడి కమిటీ. బావమరిది. నల్లకళ్ళద్దాలు, నల్లకళ్ళద్దాలు, నల్లకళ్ళద్దాలు. చిట్టచివర, ఉతికిన చీరలో అచ్చమ్మ. అన్నిటి పక్కనా తాళం గుర్తే.

"హరితా" అన్నాడు. తెరవేపు చూపించాడు.

హరిత డ్యాష్‌బోర్డు అరలోంచి ప్లాస్టిక్ కవరు కూడా చింపని చిన్న పుస్తకం తీసి, పేజీలు గబగబా తిప్పి, ఒకచోట ఆగిపోయింది. దెబ్బ తగిలినప్పుడు తీసిన బొమ్మలు మామూలు బొమ్మల్లా చెరిగిపోవు, వాటికి తాళం పడుతుంది. అయితే కార్డులో అలాంటివి ముప్పై మాత్రమే పడతాయి. ముప్పైయొకటోది రాగానే అన్నిటికన్నా పాతది పోతుంది. పైకి చదవడం మొదలుపెట్టిన పిల్ల, అచ్చమ్మ మొహం చూసి, మిగతాది లోపలే చదువుకుంది.

"ఏటయినాది బాబూ?" అంది అచ్చమ్మ.

అబద్ధమాడచ్చు. కార్డు పాడైందనచ్చు, ఎవడో ఎత్తుకుపోయాడనచ్చు. ఆ రెండూ ఆయన నాలుక చివరిదాకా వచ్చాయి, దాచడమెందుకు. కానీ ఆవిడ కళ్ళలోకి చూసి అనలేకపోయాడు. కారు దిగి, ఆవిడ ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నిన్నటిదాకా ఉందమ్మా అన్నాడు. ఇప్పుడు నీకు బానెట్టు మీద కొట్టి చూపించాను కదా, నీ బొమ్మ పడి ఆ బొమ్మ పోయింది అన్నాడు. అచ్చమ్మకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడవలేదు కూడా. బానెట్టు మీద ఆయన కొట్టినచోటు చూస్తూ ఉండిపోయింది.

కార్డు పట్టుకుని హరిత కెమెరా అమ్మిన దుకాణానికి పరుగెత్తింది. చెరిపింది తియ్యచ్చుగానీ, దానిమీద ఇంకోటి పడితే తియ్యలేమని వాడన్నాడు. చూసినవాళ్ళున్నారు కదా అని నూకరాజు రాజాబాబుకి ఫోను చేస్తే, "చూశాననుకో బావా, మా అల్లుడు ఆ జాముల్‌లోనే పనిచేస్తన్నాడు కదా, ఆ పికప్ వాళ్ళతో మనకెందుకేటి" అని పెట్టేశాడు. మిగతావాళ్ళు అసలు ఎత్తనేలేదు.

ఠాణాలో నూకరాజు, నా చేతులతో నేనే చెరిపాను, రాసుకోండి అన్నాడు. బొమ్మలో చూసిందంతా చెప్పాడు. సైకిలు తిన్నగా వెళ్ళడం, పికప్ గుద్ది ఆగడం, అన్నీ. నల్లకళ్ళద్దాల వాడి సంగతీ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే విన్నాడు. మీ కళ్ళతో రోడ్డుమీద చూశారా, తెరమీద చూశారా అని అడిగాడు. తెరమీదనే అన్నాడు నూకరాజు. ఆయన ఇంకేమీ అడక్కుండా కార్డు వెనక్కి ఇచ్చేశాడు.

నూకరాజూ అచ్చమ్మా బయటికొచ్చి ఠాణా మెట్లమీద కూర్చున్నారు. రోడ్డుమీద షిఫ్టు మారి సైకిళ్ళు వరసగా పోతున్నాయి. అచ్చమ్మ వాటివేపే చూస్తూ అడిగింది.

"ఆయన తాగనేదని మీకు తెలుసు గదా బాబూ."

"తెలుసమ్మా."

"తిన్నగెలిపోతన్నాడని మీరు సూసినారు గదా."

"చూశానమ్మా. ఎన్నిసార్లు చూశానో."

"మరి మీ మాట సాలదా బాబూ?"

"చాలదంటన్నారమ్మా" అన్నాడు నూకరాజు.