బండి నీది, సెయ్యి నాది

దెయ్యాల విషయంలో నాది కొనేవాడి బుద్ధి. సరుకు చేతికి రానిదే నమ్మను. కిరాణా కొట్టు గల్లా వెనక పెరిగినవాణ్ణి. మా ఇంట్లో దేవుడికి కొట్టే కొబ్బరికాయను కూడా చెవి దగ్గర ఊపి చూసి మరీ తీసుకునేవాళ్ళం. ఫలానా చోట తెల్లచీర కనిపించిందని ఎవరైనా చెబితే ఎంత దూరంలో, ఎంతసేపు, అప్పటికి నువ్వేం తాగి ఉన్నావు అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇది చెబుతున్నదీ ఆ మనిషే. నమ్మమని ఎవరినీ బతిమాలను.

అరవయ్యో దశకం చివర్లో నరసన్నపేట శివార్లలో బియ్యం మిల్లు పెట్టాను. ఉప్పుడు బియ్యం చెయ్యాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలరు కావాలి. విజయనగరం వైపు మూతపడిన ఒక మిల్లులో పాతది దొరికింది. ఎంత గట్టిగా బేరమాడానంటే, అమ్మినాయన విసుగెత్తి ఇస్తాను గానీ ఊడదీసుకోవడం మీ పనే అన్నాడు. దాన్ని ఊడదీయించడంలో నా ప్రాణం సగం పోయింది. నేను గెలిచిన బేరాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి.

దాన్ని ట్రైలరు మీద తెచ్చింది అప్పలస్వామి. లారీ అతని సొంతం. ఇంటావిడ పుస్తెలు తప్ప మిగతా బంగారమంతా ఆ లారీలోనే ఉందని అతనే చెప్పేవాడు, కాస్త గొప్పగానే. అతనితో పాటు బావమరిది పైడిరాజు ఉండేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి అయినా, అప్పలస్వామి దృష్టిలో పైడిరాజు ఇంకా నేర్చుకుంటున్నవాడే.

మా మిల్లు ఎత్తు మీద ఉంది. హైవే పక్కనుంచి ఎర్ర గ్రావెల్ బాట నిటారుగా పైకి వెళ్తుంది. పైన లారీ తిప్పుకునే జాగా లేదు. పైగా బాయిలరును దొర్లించి దించాలంటే ట్రైలరు వెనక భాగం షెడ్డు గుమ్మానికి ఆనాలి. అంటే అంత బరువునూ ఏటవాలు మీద రివర్సులో నెట్టుకుంటూ ఎక్కించాలి. ముందుకు లాగడం వేరు, వెనక్కి నెట్టడం వేరు. బండి నడక నత్తనడక, గాలి తగలదు, ట్రైలరు పక్కకి తిరిగినప్పుడల్లా క్లచ్ మీద కాలు పడుతుంది. క్లచ్ వేడి, గేర్ల వేడి కలిసి గేరుబాక్సు పొయ్యి మీద మూకుడైపోతుంది.

ఆ వేడి చూడడానికి అప్పలస్వామికి ఒక పద్ధతి ఉంది. కేబిన్ అడుగు చెక్క తీసి, ఎడమ అరచెయ్యి గేరుబాక్సు మీద ఆనించి, "అమ్మా పైడితల్లీ, బండి నీది, సెయ్యి నాది" అంటాడు. మాట పూర్తయ్యేదాకా చెయ్యి నిలిస్తే బండి నడపొచ్చు. మధ్యలో చెయ్యి లాగేసుకుంటే ఆపాలి. పైడిరాజుకీ అదే నేర్పాడు. తొందరగా అనేసి చెయ్యి తీసేస్తన్నావురా, అమ్మోరిని మోసం సేస్తన్నావా అని తిట్టేవాడు.

విజయనగరం నుంచి వచ్చేసరికే బండి వేడెక్కి ఉంది. ఎండ తగ్గాక ఎక్కిద్దామన్నాడు అప్పలస్వామి. అంతలో అతనికి చలిజ్వరం వచ్చేసింది. ఆ రోజుల్లో మా వైపు అది రోజు విడిచి రోజు వేళ తప్పకుండా వచ్చే చుట్టం. మండు వేసవి మధ్యాహ్నం, రోడ్డు పక్క నేను మిల్లు సంచులు పెట్టుకునే పందిరి కింద పడుకుని, ఖాళీ గోనెలు ఎన్ని కప్పినా గజగజ వణికిపోతున్నాడు.

బాయిలరు దించడానికి వచ్చిన కలాసీలకు ఇంకోచోట పని ఉంది. వాళ్ళు వెళ్ళిపోతామని లేచారు. నేను ఎక్కిస్తానని పైడిరాజు స్టీరింగు పట్టాడు. వద్దనడానికి అప్పలస్వామికి పళ్ళు ఒకచోట నిలవడం లేదు. "సగం క్లచ్చిలో ఉంచకురా. గేరుబాక్సు పోతే మన బతుకే పోతాది" అని మాత్రం అన్నాడు.

నాకు ఒకచోట నిలబడే అలవాటు లేదు. ఆ రోజు మరీనూ. బాట ఎక్కుతాను, దిగుతాను, ట్రైలరు పక్కన నడుస్తాను, వచ్చి రోగి మీద ఇంకో గోనె వేస్తాను. లారీ సగం దూరం బాగానే ఎక్కింది. అక్కడ ట్రైలరు కొంచెం పక్కకి తిరిగింది. సరిచెయ్యడానికి పైడిరాజు ఆపాడు, మళ్ళీ కదిలించాడు, మళ్ళీ ఆపాడు. కాలిన వాసన కిందిదాకా వచ్చింది. కేబిన్ అడుగునుంచి నీలంగా పొగ.

కలాసీలు చక్రాల కింద రాళ్ళు పెట్టారు. పైడిరాజు చెక్క తీసి చెయ్యి ఆనించాడు. "అమ్మా" అని మాత్రమే అనగలిగాడు. చెయ్యి లాగేసుకుని తొడకి రాసుకున్నాడు.

పక్కనే కుండలో నీళ్ళున్నాయి. పోసెయ్యమన్నాను. నా తెలివి అంతవరకే. పైడిరాజు నా వైపు జాలిగా చూసి, పోత ఇనుము పగిలిపోతాది బాబూ, పెద్దాయన్ని అడిగి రండి అన్నాడు.

నేను పరుగెత్తి పందిరి దగ్గరికి వచ్చాను. గోనెలు ఊగిపోతున్నాయి. విషయం చెప్పాను. నీళ్ళొద్దు, ఆపి ఉంచమను, సల్లారనీ అన్నాడు. సరేనని తిరిగి చూసేసరికి పైనుంచి కేక వినిపించింది. రాళ్ళు జారుతున్నాయి. గ్రావెల్‌లో ఆ రాళ్ళు కరకరమంటూ కదలడం నాకు కిందికి వినిపిస్తోంది. హ్యాండుబ్రేకు పట్టడం లేదు. కలాసీలు రాళ్ళ మీద రాళ్ళు వేస్తున్నారు. ఆపి ఉంచితే బండి కిందికి జారుతుంది, ఎక్కిస్తే గేరుబాక్సు పోతుంది. ఎటు చూసినా అప్పలస్వామి ఇంటి బంగారమే.

అప్పలస్వామీ, జారుతోంది, ఏం చెయ్యమంటావు అన్నాను.

అతను కళ్ళు తెరవలేదు. గోనెల కిందనుంచి ఎడమ చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి కిందికి తిప్పి గాలిలో చాచాడు. వెతుకుతున్నట్టు కాస్త కదిలించి, ఒకచోట ఆనించాడు. ఆనించాడనే చెప్పాలి. గాలిలో ఉన్న చెయ్యి కిందికి వాలుతుంది, వణుకుతుంది. ఆ చెయ్యి మాత్రం బల్ల మీద పెట్టినట్టు నిలిచిపోయింది. అంతవరకు వణికిన మనిషిలో ఆ ఒక్క చెయ్యే వణకలేదు.

"అమ్మా పైడితల్లీ," అన్నాడు. ఒక్కో అక్షరం లాగి లాగి. "బండి నీది. సెయ్యి నాది."

అతని ముఖం నొప్పితో ముడుచుకుపోయింది. అయినా మాట పూర్తిచేశాడు. తర్వాత మూలిగి చెయ్యి దించాడు. వణుకు ఆగిపోయింది. నుదుటి మీద చెమట పట్టింది.

"సల్లబడ్డాది," అన్నాడు మామూలు గొంతుతో. "ఎక్కించమను."

జ్వరంలో మాటలనుకున్నాను. కానీ రాళ్ళు జారుతున్నాయి, నా దగ్గర వేరే సలహా లేదు. తువ్వాలు ఊపి ఎక్కించమని అరిచాను. పైడిరాజు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ వంగి చెయ్యి పెట్టి చూశాడు. అలాగే ఉండిపోయాడు. నేను చూస్తుండగా ఇంకోసారి పెట్టాడు. తర్వాత గేరు వేశాడు. లారీ ఎక్కడా ఆగకుండా ఎక్కి షెడ్డు గుమ్మానికి ట్రైలరు ఆనించింది.

నేను రొప్పుతూ పైకి వెళ్ళాను. అడుగు చెక్క ఇంకా తీసే ఉంది. గేరుబాక్సు మీద చెయ్యి పెట్టాను. తెల్లవారుజామున బావిలోంచి తోడిన బిందెలా ఉంది. ఇనుము మీద సన్నటి తడి కూడా. దాన్ని ఆనుకునే ఉన్న ఇంజను మాత్రం ముట్టుకోలేనంత కాలుతోంది.

పైడిరాజు, నేను ఒకరినొకరం చూసుకున్నాం. అతను అడుగు చెక్క తెచ్చి మూసేశాడు.

కిందికి దిగేసరికి అప్పలస్వామి గోనెలు పక్కకి నెట్టి కూర్చుని ఉన్నాడు. ఎడమ అరచేతిని వింతగా చూసుకుంటున్నాడు. చెయ్యంతా బొబ్బలు. "ఏటి బాబూ ఇది, నా సెయ్యేటి ఇలాగయిపోయినాది?" అని నన్నే అడిగాడు. చెయ్యి చాచినట్టుగానీ, మాట అన్నట్టుగానీ అతనికి గుర్తు లేదు.

తర్వాత చాలా రోజులు దీనితో బేరమాడాను. కలాసీలెవరో దొంగచాటుగా నీళ్ళు పోశారా అంటే, బాక్సు మీద దుమ్ము చెదరలేదు, పగులు లేదు. చెయ్యి టీ గ్లాసుకు కాలిందా అంటే, అతను ఆ రోజు గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగలేదు. గోనెల పందిరి కింద నేను అగ్గిపుల్ల కూడా గీయనివ్వను. అసలు బాక్సు అంత వేడెక్కిందా, మేమే భయపడి ఎక్కువ ఊహించుకున్నామా అనుకున్నాను. కొన్నాళ్ళకు పైడిరాజు పట్టుబట్టి మెకానిక్ చేత విప్పించాడు. లోపలి ఆయిలు తారులా మారింది. రివర్సు గేరు పళ్ళు కాలి నీలం రంగు తిరిగాయి. ఇంత కాలినది మళ్ళీ ఎలా తిరిగిందని మెకానిక్ మమ్మల్నే అడిగాడు.

చలిజ్వరం మాత్రం మళ్ళీ అతని జోలికి రాలేదు. మాత్రల వల్లే అన్నాడు డాక్టరు. అదీ కావచ్చు.

మరోసారి జరిగినదాన్ని చెప్పి ఆపేస్తాను. మిల్లు నడిచిన మొదటి పంటకాలంలో అప్పలస్వామి ధాన్యం తోలుకొచ్చాడు. నేను బాయిలరు దగ్గర ఉంటే వచ్చి, కిరాయి పెంచమని పేచీ మొదలుపెట్టాడు. నా ధోరణిలో నేను కాదంటున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ అతను ఎడమ చెయ్యి ఆవిరి గొట్టం మీద ఆనించాడు. తీరిగ్గా, తలుపుకు ఆనించినట్టు.

నేను కెవ్వున అరిచి ఆ చెయ్యి పట్టుకుని లాగాను. అరచెయ్యి కందలేదు. చల్లగా ఉంది.

"ఏటి సావుకారూ, సెయ్యి పట్టుకుని బేరమాడతన్నావు," అని నవ్వాడు.

అతని చెయ్యి ఉన్నచోటే గొట్టం మీద నా వేలు పెట్టి చూశాను. చురుక్కుమంది. సాయంత్రానికి బొబ్బెక్కింది.

అతను అడిగిన కిరాయి ఇచ్చేశాను. ఎందుకు ఒప్పుకున్నానో అతనికి అర్థం కాలేదు. ఆ రెండుసార్లూ అతని చేతికి ఏం జరిగిందో నాకూ ఇప్పటికీ అర్థం కాలేదు.