ఎడమ చక్రం వేడి

నేను పశువుల డాక్టరును. కాపురం కర్నూల్లో, ఉద్యోగం కోడుమూరు వైపు. ఎదుటివాళ్ల మాట వెంటనే నమ్మకపోవడం నాకు ఉద్యోగంలోనే అలవాటైంది. "నిన్నటి నుంచే మేడం, ఎనుము మేత ముట్టల్యా" అంటాడు రైతు. ఆ గేదె కళ్లు చూస్తే జబ్బు మొదలై నాలుగు రోజులైందని నాకు తెలిసిపోతుంది. మధ్యలో ఎవరో చెప్పిన పసరేదో పోసి ఉంటాడు, ఆ సంగతి మాత్రం నాలుగుసార్లు అడిగితే గాని బయటికి రాదు. ఇరవై ఏళ్లుగా ఇలా గుచ్చి గుచ్చి అడిగీ అడిగీ, కూరగాయలమ్మే ఆమెనూ ఇంట్లో మా ఆయననూ కూడా అలాగే అడగడం నేర్చుకున్నాను.

మా కారు చిన్నది, పాతది. వేసవిలో ఒకరోజు బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కీచుమని మొదలైంది. మా ఆయనకు కారు నడపడం రాదు, కానీ ఆయన స్కూటరును పదేళ్లుగా చూస్తున్న మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. హంద్రీ ఒడ్డు వైపు పాత బజారులో రేకుల షెడ్డు. స్కూటర్లతో మొదలుపెట్టి కార్లకు వచ్చిన ముసలాయన. తెల్ల గడ్డం, నూనె మరకల లుంగీ. ఆయన చక్రం ఊడదీసి చూసి, "ప్యాడ్లు అరిగిపోయినాయమ్మా. ముందర రెండు పక్కలా మార్చాల" అన్నాడు. సరేనన్నాను.

పని మొదలైనప్పటి నుంచీ పక్కనే నిలబడ్డాను. కానీ సరిగ్గా కొత్త ప్యాడ్లు తీసే వేళకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. షెడ్డులో సుత్తి చప్పుడుకు ఏమీ వినిపించక రోడ్డు మీదికి వెళ్లాను. పది నిమిషాలకు తిరిగొచ్చేసరికి ఎడమ చక్రం బిగించడం అయిపోయింది. పాత ప్యాడ్లు నా ముందు పెట్టి, "ఇవే మీవి" అన్నాడు. చూశాను. నల్లగా, పలచగా ఉన్నాయి. షెడ్డు మూలలో అలాంటివే ఇంకో కుప్ప ఉంది. వీటిలో ఏవి నావో నాకెలా తెలుస్తుంది? కొత్తవి నిజంగా వేశాడా? వేస్తే అసలువే వేశాడా? ఆ పది నిమిషాలు నా మనసులో ముల్లులా ఉండిపోయాయి.

నాలుగో రోజు ఎడమ చక్రం దగ్గర మళ్లీ శబ్దం. ఈసారి బ్రేకు తొక్కకపోయినా గరగరమని రేకు గీసినట్టు వస్తోంది. తిన్నగా షెడ్డుకు వెళ్లి అడగాల్సింది. వెళ్లలేదు. వెళ్తే ఏమంటాడో నాకు ముందే తెలుసనిపించింది. కొత్తవి కదా, సర్దుకుంటాయిలే అంటాడు. అందుకే ఆయన్ను అడగడం మానేసి, మా ఆసుపత్రి కాంపౌండరుకు చెప్పాను.

"ఆయప్పా?" అని ఆశ్చర్యపోయాడు కాంపౌండరు. "మా అన్న ఆటో గూడా ఆయన కాడికే పోతాది గదా మేడం. శానా మంచోడంటారే."

"మంచివాడో కాదో నాకు తెలియదు. నేను అటు తిరగగానే డూప్లికేట్ సరుకు వేశాడు" అన్నాను. అనుమానమని చెప్పలేదు, జరిగిన విషయంలాగే చెప్పాను.

ఆ వారంలోనే కడపలో మా అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. రెండు రోజులు సెలవు పెట్టి కారులోనే వెళ్లాను. ఇంటి ముందు బండి ఆపుతుంటే ఆ గరగర మా బావ చెవిన పడింది.

"ఏం మా, బండి అట్ల ఏడుస్తాంది?"

జరిగింది చెప్పాను. బావ నవ్వాడు. "రేకుల షెడ్లో ఇస్తే అంతే మా. ఈడ మా వోల్ల షాపుండాది, పద పోదాం."

బావ వాళ్ల షాపు పెద్దది. టైల్స్ పరిచిన నేల, కూర్చోడానికి ఏసీ ఉన్న అద్దాల గది, ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పనివాళ్లు. మమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చారు. అక్కడి నుంచి చూస్తే కారు వెనకభాగం మాత్రమే కనిపిస్తుంది. కాసేపటికి ఓనరు ఎడమ చక్రం నుంచి ఊడదీసిన ప్యాడ్లు పట్టుకొచ్చాడు.

"చూడండి మేడం, ఇవి అసలైనవి గావు. నెల గూడా రావు."

ఎలా తెలిసిందని నేను అడగలేదు. రైతును పదిసార్లు అడిగే మనిషిని, ఆ ఒక్క మాట అడగలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నేను వినాలనుకున్నదే. నాకు కోపం రావాల్సిన చోట సంతోషం వేసింది. ఆ ప్యాడ్లను మాత్రం కాగితంలో చుట్టి ఇమ్మన్నాను. కర్నూలు వెళ్లి మిస్త్రీ ముఖాన పెట్టాలని డిక్కీలో వేసుకున్నాను.

ఎడమ పక్క వేరే ప్యాడ్లు వేయించుకుని షాపు నుంచి బయటికొస్తుంటే బండి చప్పుడు లేకుండా కదిలింది. బావ నా వైపు గొప్పగా చూశాడు.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణమయ్యాను. మైదుకూరు దాటాక బండి బరువుగా లాగుతోంది. యాక్సిలరేటర్ వదిలితే దొర్లాల్సిన బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోతోంది. బ్రేకు తొక్కితే స్టీరింగు ఎడమకు గుంజుతోంది. చాగలమర్రి దగ్గరికి వచ్చేసరికి కాలిన వాసన మొదలైంది. మొదట పక్కన పోతున్న లారీదనుకున్నాను. అది ముందుకు వెళ్లిపోయింది, వాసన మాత్రం పోలేదు.

టీ కొట్టు కనిపిస్తే పక్కకు ఆపాను. ఎడమ ముందు చక్రం నుంచి సన్నగా పొగ. చెయ్యి పెట్టబోయాను.

"ముట్టొద్దమ్మా! చెయ్యి కాల్తాది!" టీ తాగుతున్న లారీ డ్రైవరొకాయన గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు. వంగి చూసి, "బ్రేకు పట్టుకోనుండాది. ఇడ్సడంల్యా. మొన్నామధ్య ఏమన్నా పని జేపిచ్చినారా?" అన్నాడు.

"చేయించాను."

"జాకీ ఉంటే ఈండి, ఇప్పి సూస్తా."

నడిరోడ్డు మీద తెలియని మనిషి చక్రం ఊడదీస్తానంటే నాకు భయం వేసింది. ఊడదీశాక ఇంకేదో పాడైందంటాడేమో, పక్క ఊళ్లో తనకు తెలిసిన షాపు ఉందంటాడేమో. "వద్దు, మా ఆయన వస్తున్నాడు" అని అబద్ధం చెప్పాను.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూశాడు. "సరేమ్మా. నీళ్లు మాత్రం పొయ్యగాకండి, డిస్కు వంకర పోతాది. సల్లారేదాకా బండి కదిలియ్యగాకండి" అని చెప్పి లారీ ఎక్కాడు. పైకి ఎక్కాక కూడా అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. అప్పుడు దానికీ అనుమానపడ్డాను. నన్నొక్కదాన్నే వదిలి పోవాలంటే మనసు రాక చూసి ఉంటాడని చాలా రోజుల తర్వాత తోచింది.

మా ఆయన ఫోనులోనే ఆళ్లగడ్డ నుంచి బండ్లను ఎక్కించుకుపోయే వ్యానును మాట్లాడాడు. కారు వెనక, నేను ముందు క్యాబిన్లో. కర్నూలు పొలిమేరకు వచ్చాక "యాడికి తోలాలమ్మా?" అని వ్యాను డ్రైవరు అడిగాడు. మా ఆయనకు ఫోను చేశాను.

"మిస్త్రీ దగ్గరికే తీసుకుపో" అన్నాడు.

"ఆయనే పాడుచేసి ఉంటే?"

"చేసి ఉంటే ఆయనే చెప్తాడు. నాకు పదేళ్లుగా తెలుసు."

ఆ నమ్మకం చూసి ఒళ్లు మండింది. దారి పొడవునా నేను ఆలోచించింది ఒకటే. ప్యాడ్లు బిగించేటప్పుడు మిస్త్రీ లోపల ఏదో చెడగొట్టాడు, కడపవాళ్లకు అది కనిపించలేదు.

షెడ్డు ముందు కారు దింపారు. ఎండ ఇంకా గట్టిగానే ఉంది. మిస్త్రీ చక్రాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఒక స్టూలు తెచ్చి చక్రానికి మూరెడు దూరంలో వేశాడు.

"ఈడనే కూర్చోండమ్మా. మీ కండ్ల ముందరే ఇప్పుతా."

ప్యాడ్లు బయటికి రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొడితే గాని కదల్లేదు. వచ్చాక వాటిని నా చేతికిచ్చాడు. రెండు చివర్లా ఇనుము తళతళా మెరుస్తోంది. గ్రైండరుతో అరగదీసిన గీతలు స్పష్టంగా ఉన్నాయి.

"ఇది మీ బండిదే గాదమ్మా. పేరు ఒకటే, ఇది డీజిల్ బండిది. పట్టకపోతే అంచులు కోసి దూర్చినారు. లోపలికి పోయింది గాని ఎనక్కి రాల్యా. అందుకే పట్టుకున్యాది."

"ఇవి మీరు వేసినవి కావా?" అన్నాను. కడప సంగతి చెప్పకుండా, ఆయన ఏమంటాడో చూద్దామని.

ఆయన లేచి షెడ్డులోకి వెళ్లి అటకమీద వెతికి ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చాడు. దాని మీద పెన్నుతో మా కారు నంబరు రాసి ఉంది. "గ్యారంటీ కోసం ఆరు నెల్లు పెట్టెలు పారెయ్యను. నేనేసినవి దీంట్లోవి. అవి యాడికి పోయినాయో మీకే తెల్సు."

గరగరమంటే కడపలో మార్పించానని చెప్పి, డిక్కీ తెరిచి కాగితం పొట్లం తెచ్చాను. ఆయన ముఖాన పెట్టాలని తెచ్చిన పొట్లం అది. ఆయన గుడ్డతో ప్యాడు వీపు తుడిచి, దాని మీద కొట్టి ఉన్న నంబరును వేలితో చూపించాడు. పెట్టె మీదా అదే నంబరు. ఒక్కో అంకెనూ నేనే చదివాను, రెండుసార్లు.

"మరి ఆ గరగర?" నా గొంతు నాకే మొండిగా వినిపించింది.

టార్చి వేసి డిస్కు వెనకున్న పలచటి రేకును చూపించాడు. దాని మీద గుండ్రంగా ఒక గీత. "రాయి. మీరు కంకర రోడ్ల మింద తిరుగుతారు గదా. దీనికీ డిస్కుకూ నడమ ఇరుక్కోనింటాది."

"ఆ రాయి ఏది?"

"కడపలో ఇప్పినప్పుడు రాలిపోయింటాది."

ఉండాల్సిన రాయి లేకపోవడం ఆయనకు అనుకూలంగానే ఉంది కదా అని అప్పుడు కూడా నా మనసు గొణిగింది. ఆయన తన ప్యాడ్లనే శుభ్రం చేసి మళ్లీ బిగించాడు. ఒక వీధి చుట్టి వచ్చాను. చప్పుడు లేదు, గుంజడం లేదు. దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది.

నేను బయల్దేరుతుంటే చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఒక మాట. నేను డూప్లికేట్ మాల్ ఏస్తానంట. కోడుమూరు నుంచి ఒకాయన వచ్చి నా మొగం మిందే అన్యాడు. ఎవరు చెప్పినారని నేను అడగల్యా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నేనే చెప్పాను" అన్నాను.

"తెల్సమ్మా" అన్నాడు. స్టూలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బావ కడప షాపుకు ఫోను చేసి గట్టిగానే అడిగాడు. పెట్టె మీద మా బండి పేరే ఉంది, లోపల ఏముందో మాకేం తెలుసు అన్నారట. మరి గ్రైండరు ఎందుకు పట్టారని బావ అడిగితే, ఆ పనివాడు మానేసి వెళ్లిపోయాడన్నారట. అది నిజమో కాదో నాకు ఈనాటికీ తెలియదు. నిజం కాదనే నా అనుమానం.

మర్నాడు ఆసుపత్రిలో కాంపౌండరును పిలిచి జరిగిందంతా చెప్పాను. మిస్త్రీ తప్పేమీ లేదని, నేనే చూడకుండా అన్నానని చెప్పాను. అతను సిరంజీలు సర్దుతూనే విన్నాడు.

"మా అన్న ఆటోను ఆయన కాడికి పంపడం మాన్పిచ్చినా మేడం. మీరు చెప్పినారంటే నిజమేనని ఇంగా నలుగురికి చెప్తి. మా అన్న అయితే పొయ్యి ఆయన్ను మొగం మిందనే అడిగొచ్చినాడు. ఇప్పుడు ఏం మొగం పెట్టుకోని పోయేది?"

ఆ ఆదివారం నేనూ అతనూ వాళ్ల అన్నను వెంటబెట్టుకుని ఆ ఆటోలోనే షెడ్డుకు వెళ్లాం. మిస్త్రీ ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. మా కాళ్లూ ఆటో చక్రాలూ చూసి, బయటికి రాకుండానే అడిగాడు.

"ఆటోకు ఏమైందప్పా?"

"ఏమీ కాల్యా" అన్నాడు కాంపౌండరు అన్న. ఆటో వైపు తిరిగి, "క్లచ్చి కొంచెం గట్టిగుండాది" అన్నాడు.

"షెడ్లో పెట్టండి, వస్తాండా" అన్నాడు మిస్త్రీ.