మ్యాపు మీద సొట్ట గ్లాసు

ఈ ఉదయం ఆఫీసులో కడిగిన కాఫీ గ్లాసును తుడవకుండానే బల్ల మీద బోర్లించాను. అది ప్రూఫు కాగితం మీద పడిందని ఎత్తాక గాని తెలియలేదు. కాగితం మీద స్టీలు అంచు గీసిన తడి వలయం, అందులో ఒకచోట లోపలికి నొక్కుకుపోయిన చిన్న సొట్ట. తడిసిన కాగితం నుంచి సిరా వాసన, గ్లాసు అడుగున ఇంకా వదలని ఫిల్టరు కాఫీ వాసన కలిసి వచ్చాయి. ఆ రెండు వాసనలు కలిసిన చోట నాకు వసుంధర గారు తప్ప మరెవరూ గుర్తురారు. కాగితం తుడవబోయి ఆగి, వలయం ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

అమెరికా ఖండాల పురావస్తు పరిశోధన మీద వెలువడే ఒక పత్రికను ఆవిడ ముప్ఫై ఏళ్ళు నడిపారు. యూరప్ నుంచి ఓడలు రాకముందు ఈ నేల మీద బతికినవారి ఊళ్ళ గురించి, కుండల గురించి, వాళ్ళు కట్టిన మట్టిదిబ్బల గురించి పండితులు రాసే వ్యాసాలన్నీ ఆవిడ బల్ల దాటే అచ్చుకు వెళ్ళేవి. ఇల్లినాయిలో ఒక పాత ఇటుకల భవనం పై అంతస్తులో మూడు గదుల ఆఫీసు మాది. ఆవిడ తెనాలిలో పుట్టి, భర్త ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, తవ్వకాల్లో దొరికిన కుండపెంకులకు బొమ్మలు గీసే పనిలో చేరి, ఆ దారినే సంపాదకురాలయ్యారు. భర్త పోయాక దగ్గర్లోని అరోరా అనే ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. పేరు మోసిన ప్రొఫెసర్లు ఆవిడ ఉత్తరానికి భయపడేవారు. ఆవిడ పేరు మాత్రం పత్రిక లోపలి అట్ట మీద చిన్న అక్షరాల్లో తప్ప ఎక్కడా కనపడేది కాదు.

నేను చదువు ముగించి అక్కడ సహాయకుడిగా చేరేనాటికి నాకున్న ఆస్తి ఇంటిపేరు ఒక్కటే. మా ముత్తాతగారు పదకొండు గ్రామాలకు జమీందారు. నాకు ఊహ తెలిసేసరికి దివాణంలో మూడు గదులకే కప్పు మిగిలింది. అయినా మా నాన్నగారు ఇస్త్రీ లేని చొక్కాతో వీధిలోకి రాలేదు, ఎవరినీ ఏదీ అడగలేదు, ఎవరి ముందూ తప్పు ఒప్పుకోలేదు. ఆయన దగ్గర నుంచి నాకు దక్కింది అదే. దాన్ని పోగొట్టుకోకూడదన్న పట్టుదల ఆ రోజుల్లో నాకు ఎక్కువగానే ఉండేది. మొదటి రోజు ఆవిడ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడకు ఎదురుగా ఉన్న ఒక్క కుర్చీ నిండా కాగితాలు.

"కూర్చోవయ్యా. ఇక్కడ కుర్చీ ఖాళీ చేసి పెట్టేవాళ్ళెవరూ లేరు. ఆ పేపర్లు తీసి కింద పెట్టుకుని కూర్చోవాలి."

"ఫర్వాలేదండీ, నిలబడే ఉంటాను."

"దొరవారు నిలబడితే మేమెలా కూర్చుంటాం?"

నాకు చెవులు వేడెక్కాయి. ఆవిడ మాత్రం లేచి, కాగితాలు తానే తీసి, కుర్చీని చీరకొంగుతో దులిపి జరిపారు. ఆ 'దొరవారు' అన్న పిలుపు మరి వదల్లేదు. ఆఫీసులో అందరూ ఆవిడను వసూ అని పిలిచేవారు. నన్నూ అలాగే పిలవమన్నారు. నాకు నోరు రాలేదు.

పని నేర్పడంలో ఆవిడది ఒక పద్ధతి. ఏ వ్యాసం వచ్చినా చివరి పేజీ నుంచి మొదలుపెట్టేవారు. అక్కడ రచయిత ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాడో చూసేవారు. తవ్వకం జరిగిన పొలం యజమాని పేరు, మట్టి జల్లించిన కూలీల పేర్లు, ఆ నేల మీద ఒకప్పుడు బతికినవారి వారసుల అనుమతి ప్రస్తావన అక్కడ లేకపోతే, మిగతాది చదవకుండానే తిప్పి పంపేవారు. "ముప్ఫై మంది ఎండలో మట్టి మోస్తే ఈయన ఒక్కడే కనిపెట్టాడట" అని మాత్రం గొణిగేవారు. ఆవిడలో లోపాలు లేవని నేను చెప్పను. తనకు నచ్చని వాక్యం రాసినవాళ్ళను నెలల తరబడి వేచి ఉండేలా చేసేవారు. మెచ్చుకోలు ఆవిడ నోటి నుంచి రావడం నేను రెండు మూడు సార్ల కంటే ఎక్కువ వినలేదు. కాని ఎవరి వ్యాసాన్నైనా నిరాకరించాల్సి వస్తే, ఉత్తరం పంపే ముందు తానే ఫోన్ చేసి చెప్పేవారు. చెడ్డ కబురు కాగితం మీద చేరకూడదనేవారు.

మ్యాపుల విషయంలో మా వృత్తిలో ఒక కట్టడి ఉంది. పురాతన స్థలం ఎక్కడుందో ఖచ్చితంగా అచ్చు వేయకూడదు. చుక్క పెట్టిన చోటికి పలుగూ పారా పట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. కుండలు, ఎముకలు, రాతి పూసలు తవ్వి అమ్ముకుంటారు. అందుకని చుక్క తీసేసి, చుట్టుపక్కల ప్రాంతం మాత్రం తెలిసేలా ఒక వలయం గీస్తాం. వసుంధర గారు ఆ వలయాన్ని స్టీలు గ్లాసుతో గీసేవారు. కాఫీ తాగేసి, గ్లాసు తుడిచి, మ్యాపు మీద బోర్లించి, అటూ ఇటూ కాసేపు జరిపి, పెన్సిలు తిప్పేవారు. గ్లాసు అంచుకు సొట్ట ఉండేది కనుక ప్రతి వలయానికీ సొట్ట ఉండేది. గ్లాసు మీద సొట్ట పక్కన సీతారత్నం అని పేరు చెక్కి ఉండేది.

"సీతారత్నం గారంటే మీ అమ్మగారా?" అని అడిగాను.

"ఎవరో నాకూ తెలీదయ్యా. ఏదో పెళ్ళిలో గ్లాసులు మారిపోయాయి. ఆవిడ అక్కడ నా గ్లాసుతో తాగుతూ ఉండి ఉంటుంది."

అప్పుడే, ఎందుకో, మా దివాణం సంగతి చెప్పాను. గోడల్లో నిధి ఉందని ఎవరో పుట్టించిన పుకారుతో ఊరూ పేరూ లేని వాళ్ళు వచ్చి తవ్విన సంగతి. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

"ఏమైనా దొరికిందా?"

"పగిలిన ఊరగాయ జాడీ దొరికిందండీ."

ఆవిడ నవ్వారు. వెంటనే నవ్వు ఆపి, "మరి గోడ?" అన్నారు.

"పడిపోయింది."

ఆవిడ రెండో గ్లాసులో కాఫీ పోసి నా ముందు పెట్టారు.

తర్వాతి ఏడాది ఆవిడకు కంటి ఆపరేషన్ అయి రెండు వారాలు ఇంట్లో ఉండాల్సి వచ్చింది. సంచిక పూర్తి చేసే పని మొదటిసారి నా చేతికి వచ్చింది. అందులో ఒక మట్టిదిబ్బ గురించిన వ్యాసం ఉంది. ఇల్లినాయి దక్షిణాన ఒక నది పక్కన, వాల్టర్ అనే వృద్ధ రైతు పచ్చిక బయలులో ఉంది ఆ దిబ్బ. అది సమాధుల దిబ్బ. అందులో పూడ్చినవారి వారసులు తవ్వొద్దని కోరారు కనుక పరిశోధకులు గడ్డిపరక కదపకుండా పైనుంచి పరికరాలతోనే కొలిచారు. స్థలం గుట్టుగా ఉంచుతామని ఆ వారసులకూ, వాల్టర్‌కూ మాట ఇచ్చారు. మ్యాపు నా దగ్గరికి వచ్చింది. సొట్ట వలయం నాకు మొదటి నుంచీ నచ్చేది కాదు. ఇంత పేరున్న పత్రికలో అదేం గీత అనిపించేది. నేను కంప్యూటర్‌లో నిర్దుష్టమైన వలయం గీశాను. చుక్క మీద ఆనించి, నాలుగు వైపులా సమంగా వచ్చేలా చూసి, ఆ తర్వాత చుక్కను చెరిపేశాను. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. వెబ్‌సైట్‌లో పెట్టాం. అచ్చు ప్రతులు ప్రెస్‌కు వెళ్ళాయి.

వెబ్‌సైట్‌లో పెట్టిన తొమ్మిదో రోజున వసుంధర గారు నల్ల కళ్ళద్దాలతో ఆఫీసుకు వచ్చారు. మ్యాపు ఉన్న పేజీ చేతికి తీసుకుని, అలవాటుగా గ్లాసును వలయం మీద పెట్టారు.

"ఇది నా గ్లాసు కాదే."

"కంప్యూటర్‌లో చేశానండీ. నీట్‌గా ఉంటుందని."

ఆవిడ కత్తెర తీసుకుని ఆ వలయాన్ని కత్తిరించారు. సగానికి మడిచారు. మళ్ళీ అడ్డంగా మడిచారు. విప్పి, రెండు మడతలు కలిసిన చోట పెన్సిలు మొనతో చిన్న చిల్లు పెట్టారు. రచయిత పంపిన అసలు మ్యాపును కిటికీ అద్దానికి ఆనించి, దాని మీద ఈ ముక్కను ఉంచారు. చిల్లులోంచి రచయిత పెట్టిన నల్ల చుక్క కనపడింది.

"రెండు మడతలు. స్కూలు పిల్లలు కూడా చేస్తారు" అన్నారు. గొంతు పెంచలేదు.

"ఎవరు మడిచి చూస్తారండీ?"

"మీ దివాణం గోడ ఎవరు తవ్వారో వాళ్ళే చూస్తారు."

ఆవిడ ప్రెస్‌కు ఫోన్ చేసి అచ్చు ఆపించారు. గంటలో వెబ్‌సైట్ నుంచి మ్యాపు తీయించారు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఇప్పుడు వాల్టర్‌కి చెప్పాలి" అన్నారు.

"మీరు ఫోన్ చేస్తారా?"

"నేనెందుకు చేస్తాను? నువ్వు చెప్తావు, ఎదురుగా. రేపు పొద్దున్నే స్టార్ట్ అవుదాం. నువ్వే డ్రైవ్ చేయాలి, నాకింకా డాక్టరు పర్మిషన్ ఇవ్వలేదు."

"అన్నీ తీసేశాం కదండీ. పెద్దాయన్ని అనవసరంగా భయపెట్టడం దేనికి?"

"తొమ్మిది రోజులు ఊరందరికీ కనపడింది. ఎవరు డౌన్‌లోడ్ చేసుకున్నారో నీకు తెలుసా?"

"తెలియదు."

"మరి కాపలా ఉండేవాడికి తెలియాలా, వద్దా?"

ఐదు గంటల ప్రయాణం. రెండు వైపులా మొక్కజొన్న చేలు. దారిలో రెస్ట్ ఏరియాలో ఆపి ఆవిడ పెరుగన్నం డబ్బా తీశారు. "దొరవారు పిక్నిక్ బెంచీ మీద తింటారా?" అన్నారు. తింటానన్నాను. ఆ రోజు ఆ మాట నొప్పించలేదు. చెప్పబోయే నాలుగు ఇంగ్లీషు వాక్యాలు మనసులో అమర్చుకుంటూనే తిన్నాను.

వాల్టర్‌కు ఎనభై దాటి ఉంటాయి. వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టాడు. నేను మొదలుపెట్టాను. ప్రచురణ ప్రక్రియలో మ్యాపుకు సంబంధించి ఒక పొరపాటు దొర్లిందని, దాన్ని వెంటనే సరిదిద్దడం జరిగిందని. వసుంధర గారు ఆయన వైపే చూస్తూ తెలుగులో నెమ్మదిగా అన్నారు: "గీసిందెవరో చెప్పు."

తప్పు నాదన్నది మా ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ పలకని మాట. "ఆ వలయం గీసింది నేను. మీ దిబ్బను సరిగ్గా మధ్యలో పెట్టింది నేను. మీకిచ్చిన మాట నా వల్ల పోయింది. నన్ను క్షమించండి" అన్నాను.

వాల్టర్ "ఇది చెప్పడానికా ఇంత దూరం వచ్చారు?" అన్నాడు. అవునన్నాను. "దాని మీద నాగలి పెట్టొద్దని మా తాత చెప్పి పోయాడు. ఎందుకని మేమెవరం అడగలేదు. సరే, మందను ఆ వైపు పచ్చికలోకి మారుస్తాను. నా ఆంబోతుకు కొత్తవాళ్ళంటే పడదు." లేచి వచ్చి నాతో కరచాలనం చేశాడు. తిరుగు ప్రయాణంలో ఆవిడ అరోరాలో ఇంటి ముందు దిగేటప్పుడు, "బాగా చెప్పావు" అన్నారు. నేను విన్న రెండు మూడు మెచ్చుకోళ్ళలో అదొకటి.

ఆకులు రాలే రోజుల్లో వాల్టర్ నుంచి ఒక కవరు వచ్చింది. ఒక తెల్లవారుజామున మంచులో ఇద్దరు మనుషులు పారలతో, లోహాలు పసిగట్టే పరికరంతో కంచె దూకారట. ఆంబోతు వాళ్ళను తిరిగి కంచె దాకా తరిమిందట. దిబ్బ మీద గడ్డి కూడా చెదరలేదని రాశాడు. వాళ్ళు పారేసుకుపోయిన కాగితాన్ని ఉత్తరంతో పాటు పెట్టాడు. అది వెబ్‌సైట్ నుంచి దించుకున్న మా పత్రిక పేజీ ముక్క. నేను గీసిన వలయం. దాన్ని ఎవరో చుట్టూ కత్తిరించి, రెండుసార్లు మడిచి విప్పారు.

వసుంధర గారు దాన్ని చూసి, నా బల్ల సొరుగు తీసి, అందులో పెట్టి, మూసేశారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆవిడ పదవీ విరమణ చేసిన రోజున గ్లాసును నాకిచ్చి, "సీతారత్నం గారు అడిగితే తిరిగివ్వాలి సుమా" అన్నారు. వసుంధర గారు రెండు చలికాలాల క్రితం పోయారు. చివరి వీడ్కోలుకు వచ్చినవారిలో, ఆవిడ ఒకప్పుడు వ్యాసాలు తిప్పి పంపిన రచయితలే ఎక్కువమంది. ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. వెన్ను నిటారుగానే ఉంచుతాను, అది పోలేదు. తప్పు చేసినప్పుడు మాత్రం బయలుదేరి వెళ్ళి, గీసింది నేనని చెప్పి వస్తాను. ప్రతి సంచికకూ ప్రెస్ నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది, మ్యాపులో వలయానికి ఒక పక్క లోపం కనపడుతోంది, సరిచేయమంటారా అని. వద్దు, ఉన్నది ఉన్నట్టే వేయండి అని రాస్తాను.

ఈ ఉదయం తడిసిన ప్రూఫు ఆరాక, కొత్తగా వచ్చిన మ్యాపు తీసి గ్లాసు బోర్లించాను. చుక్క మధ్యలోకి రాకుండా జరిపి పెన్సిలు తిప్పాను. ఎటువైపు జరిపానో ఇక్కడ రాయను. వాల్టర్ పొలం పక్కన పారే నది పేరు కూడా అందుకే రాయలేదు.